జాలీ షెడ్డులో బూజు పడితే కొట్టాల్సింది మందు కాదు

మన విశాఖలో పెరట్లోనో డాబా మీదో పక్షుల షెడ్డు కట్టుకున్నవాళ్లు వానలు మొదలయ్యేసరికి అడిగే ప్రశ్న ఒకటే. "మూలమూలనా బూజు పట్టేస్తోంది, సాలీళ్లు పెరిగిపోయాయి, ఏం కొట్టాలి?" జవాబులు కూడా ఏటా అవే. ఒకరు బొద్దింకల స్ప్రే అంటారు, ఒకరు కలరా ఉండలు మూటగట్టి వేలాడదీయమంటారు, ఒకరు కర్పూరం, ఇంకొకరు పుదీనా నూనె. ఈ మధ్య పక్షులమ్మే ఒక దుకాణంలో ఒక కుర్రాడికి "రాత్రిపూట తలుపు దగ్గర దోమల కాయిల్ వెలిగించి పెట్టెయ్, తెల్లారేసరికి ఒక్క పురుగు ఉండదు" అని సలహా చెబుతుంటే విన్నాను. ఆ కుర్రాడు పెంచుతున్నవి జీబ్రా ఫించ్‌లు. ఒక్కో పక్షి బరువు 12 గ్రాములు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సలహాయే.

సాలీడు తిండి దొరికే చోటే కాపురం పెడుతుంది. షెడ్డులో సాలీళ్లు పెరిగాయంటే దోమలో, ఈగలో, గింజల్లోంచి లేచే చిమ్మటలో పెరిగాయని అర్థం. వాటిని అలాగే ఉంచి సాలీడు మీద మందు కొడితే నాలుగు రోజుల్లో ఇంకో సాలీడు దిగుతుంది. ఈలోగా ఆ మందు పీల్చేది పక్షులు. ఏవియరీలో, అంటే పక్షుల షెడ్డులో, పురుగుల బెడద తీరేది జాలీ సైజుతో, తిండి పెట్టే వేళలతో, దీపం ఎక్కడ పెట్టామన్నదానితో. మందుకు కూడా ఒక చోటుంది. కానీ అది అన్నిటికన్నా చివర, అదీ పక్షులు లేని షెడ్డులో.

ఇక్కడ మాట్లాడుతున్నది బడ్జీలు, కాక్‌టీల్స్ అనే చిన్న చిలుకలు, ఫించ్‌లు, కేనరీలు అనే చిన్న పిట్టల వంటి విదేశీ జాతుల గురించి. రామచిలుకని, మునియా పిట్టల్ని పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటికి షెడ్డు ఎలా కట్టాలన్న మాటే రాదు.

పక్షి ఊపిరి సంగతి

మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చిన దారినే బయటికొస్తుంది. పక్షికి అలా కాదు. ఊపిరితిత్తులతోపాటు ఒళ్లంతా పరుచుకున్న గాలి సంచులు ఉంటాయి. గాలి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా తాజా గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిక్కున సాగుతుంది. ఎగరడానికి కావలసిన ప్రాణవాయువు అంత ధారాళంగా అందేది అందువల్లే. గాలిలో విషం ఉంటే అదీ అంతే ధారాళంగా అందుతుంది. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మాడితే ఇంట్లో మనుషులు దగ్గి ఊరుకుంటారు, పక్క గదిలో ఉన్న బడ్జీలు చచ్చిపోతాయి.

దోమల కాయిల్ పొగలో మందుతోపాటు రంపపు పొట్టు కాలిన సన్నటి నుసి ఉంటుంది. ప్లగ్గులో పెట్టే లిక్విడ్ రాత్రంతా ఆవిరవుతూనే ఉంటుంది. కలరా ఉండలు, కర్పూరం పనిచేసేది గాలిలో కలవడం వల్లనే. సాంబ్రాణి పొగ, వేపాకు పొగ దేవుడి గదికి బాగుంటాయి గానీ పక్షుల షెడ్డుకి పనికిరావు. ఎండిన వేపాకు కాల్చినా పొగ పొగే. పచ్చి వేపకొమ్మని పక్షులు కూర్చునే కర్రగా పెట్టడం మాత్రం మంచి అలవాటు. బెరడు కొరుక్కుంటాయి, కాలికి పట్టు దొరుకుతుంది.

దీనికొక గట్టి ఎదురు ప్రశ్న ఉంది, దాన్ని దాటేయకూడదు. ఆనందపురం వైపు కోళ్ల ఫారాల్లో డెల్టామెత్రిన్ అనే పురుగుల మందు కొడుతూనే ఉన్నారు, కోళ్లు బతుకుతూనే ఉన్నాయి కదా అంటారు. డెల్టామెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ జాతి మందుల్ని పక్షి ఒళ్లు చాలావరకు తట్టుకుంటుందన్నది నిజమే. అయితే కోడి రెండు కిలోలు, బడ్జీ 30 నుంచి 40 గ్రాములు. ఫారంలో బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఖాళీ చేసి, లేబుల్ మీద రాసిన మోతాదులో కలిపి గోడలకి కొడతారు. ఇంట్లో వాడే స్ప్రే డబ్బా అలాంటిది కాదు. అందులో మందుతోపాటు కిరోసిన్ జాతి ద్రావకం, దాన్ని నెట్టే గ్యాసు ఉంటాయి. అది తుంపరగా గాలిలో తేలుతుంది, గిన్నెల్లో గింజల మీద వాలుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మందు తగిలి కింద పడి కొట్టుకుంటున్న సాలీడుని ఫించ్ వచ్చి ముక్కున కరుచుకుపోతుంది. దానికి అది మామూలు భోజనమే.

పైగా ఈ మందులు సాలీడు మీద అంతంతమాత్రంగానే పనిచేస్తాయి. బొద్దింక గోడకి ఆనుకుని పాకుతూ మందుని ఒళ్లంతా పూసుకుంటుంది. సాలీడు కాళ్ల కొనల మీద నిలబడుతుంది, ఎక్కువసేపు తన దారాల మీదే ఉంటుంది. గోడకి కొట్టిన మందు దానికి తగిలేది తక్కువ. పుదీనా నూనె కొన్ని జాతుల సాలీళ్లని దూరం పెడుతుందన్న మాటలో నిజం ఉంది. కానీ అది ఆవిరైపోయే నూనె. గాలి ఆడే షెడ్డులో దాని పని పూటకి మించి నిలవదు. రోజూ కొట్టాలంటే ఆ ఘాటు రోజూ పీల్చాల్సింది మళ్లీ పక్షులే.

బూజు వల్ల అసలు నష్టం ఎంత

మన పెరళ్లలో కనబడే సాలీళ్లలో ఎక్కువ భాగం పక్షులకి ఏ హానీ చెయ్యవు. మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో వేలాడేది, గోడ మీద గెంతుతూ ఈగల్ని పట్టేది, రాత్రిపూట బొద్దింకల్ని వేటాడే చదునైన గోధుమరంగు పెద్దది, ఈ మూడూ దాదాపు ప్రతి షెడ్డులో ఉంటాయి. కంబాలకొండ, సింహాచలం కొండలకి దగ్గరగా ఉన్న ఇళ్లలో చెట్టుకీ షెడ్డు కప్పుకీ మధ్య మీటరు వెడల్పున బంగారు రంగు దారాలతో వల కట్టే నలుపు పసుపు చారల పెద్ద సాలీడు కూడా వస్తుంది. అలాంటి వలల్లో చిన్న పక్షులు చిక్కుకున్న ఉదంతాలు ప్రపంచంలో ఉన్నాయి గానీ బహు అరుదు. అది కూడా బయట కట్టుకుంటుంది తప్ప పక్షులు ఎగిరే చోట కట్టదు.

బూజు చేసే నష్టం వేరే రకం. పాత బూజుకి దుమ్ము, ఈకల పొడి, రెట్టల నుసి అంటుకుని జాలీ కళ్లు మూసుకుపోతాయి. గాజువాక, పోర్టు పరిసరాల్లో దుమ్ము ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా మూసుకుపోతాయి. గాలి ఆడదు, తడి ఆరదు, తడి ఉన్నచోట గింజలకి ఫంగస్ పడుతుంది. అందుకని బూజు దులపాల్సిందే. దులిపే పద్ధతి కూడా ముఖ్యం. పొడి బూజుకర్రతో దులిపితే ఆ దుమ్మంతా పక్షుల ముక్కుల్లోకే పోతుంది. ముందు తిండి గిన్నెలు, నీళ్ల గిన్నెలు బయట పెట్టాలి. కర్ర చివర పాత నూలు గుడ్డ చుట్టి, తడిపి, గట్టిగా పిండి, తిప్పుతూ చుట్టుకు రావాలి. బూజు గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది, రాలదు. చూడాల్సింది సాలీడు గుడ్ల సంచుల కోసం. శనగగింజ అంత తెల్లటి లేక లేత గోధుమరంగు దూది ఉండల్లా ఉంటాయి. ఒక్కో దాంట్లో పదుల నుంచి వందల దాకా పిల్లలుంటాయి. బూజు తీసి సంచిని వదిలేస్తే పని సగమే అయినట్టు. వారానికోసారి చేస్తే పావుగంట పని. పక్షులు పొదిగే రోజుల్లో అవి గుడ్లు పెట్టిన కుండల దగ్గరికి పోకుండా మిగతా మూలలు మాత్రం చేసుకోవాలి.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గింజల డబ్బాలోనో, ఫీడర్ అడుగునో సన్నటి దారాలు అల్లుకుని, కొర్రలు, సామలు నాలుగైదు చొప్పున ముద్దకట్టి కనిపిస్తే అది సాలీడు పని అనుకుంటారు. అది చిమ్మట పురుగు పని. బియ్యంలో, చిరుధాన్యాల్లో పడే బూడిదరంగు చిమ్మట గుడ్లు పెడితే వచ్చే తెల్ల పురుగు గింజల మధ్య దారాలు అల్లుకుంటూ తింటుంది. ముద్దని వేళ్లతో విడదీస్తే లోపల పురుగో, దాని రెట్ట పొడో కనబడుతుంది. సాలీడు వలలో గింజలు ముద్దకట్టవు. ఈ చిమ్మటలు రెక్కలొచ్చి షెడ్డులో ఎగరడం మొదలుపెట్టాకే సాలీళ్లు బారులు తీరతాయి. మందు కోసం వెతికేవాళ్లు ముందు గింజల డబ్బా మూత తీసి చూడాలి.

పూర్ణా మార్కెట్లో చవగ్గా వస్తున్నాయని 25 కిలోల బస్తా కొని మూలన పెట్టడమే చాలా ఇళ్లలో ఈ కథకి మొదలు. 20 బడ్జీలున్న షెడ్డుకి రోజుకి 200 గ్రాముల గింజలు సరిపోతాయి. అంటే 25 కిలోలు నాలుగు నెలలు. మన ఊరి తేమలో నాలుగు నెలలు ఏ గింజా నిలవదు. మూడు నాలుగు వారాలకి సరిపడా కొనాలి. కొన్నవాటిని రెండు రోజులు బాగా ఎండబెట్టి, చల్లారాక బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పొయ్యాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. డీప్ ఫ్రీజర్ ఉంటే నాలుగు రోజులు అందులో ఉంచి తీసినా గుడ్లతో సహా చస్తాయి.

రాత్రి గిన్నె, రాత్రి దీపం

నన్నడిగితే మొత్తం ఏర్పాట్లలో అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఒకటే. పొద్దుగుంకాక తిండి గిన్నెలు తీసెయ్యడం. ఈ పక్షులు చీకట్లో తినవు. రాత్రి గిన్నెలో మిగిలిన గింజలు తినేది ఎలుకలు, బొద్దింకలు, చీమలు. ఎలుకల కోసం పాము వస్తుంది. బొద్దింకల కోసం బల్లి, సాలీడు వస్తాయి. గిన్నె తీసి, కింద రాలిన పొట్టు ఊడ్చేస్తే ఈ వరస మొత్తం కదిలిపోతుంది.

పిల్లలున్న జంటల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన సందేహమే. తల్లిపక్షులు తెల్లవారగానే మేపడం మొదలుపెడతాయి కాబట్టి ఐదున్నరకల్లా గిన్నె తిరిగి పెట్టగలిగితే ఇబ్బంది లేదు. అంత పొద్దున్నే లేవలేనివాళ్లు పిల్లలున్న రోజుల్లో ఒక్క గిన్నెని ఎత్తున వేలాడదీసి వదిలేసి, మిగతావి తీసెయ్యాలి. ఉడికించిన గుడ్డు, మొలకలు, ఆకుకూర వంటి మెత్తటి తిండి మాత్రం రెండు గంటలకి మించి ఉంచకూడదు. మే నెల ఎండలో ఇంకా ముందే పులుస్తుంది. ఈగలకి అంతకన్నా పెద్ద పిలుపు లేదు.

దీపం విషయం ఇంత తేలిగ్గా తెగదు. కాక్‌టీల్స్‌కి చీకట్లో ఏ చిన్న అలికిడైనా బెదిరి గుడ్డిగా ఎగిరి జాలీకి కొట్టుకునే గుణం ఉంది. రెక్కలు విరుగుతాయి, నెత్తురు కారుతుంది. అందుకని రాత్రంతా చిన్న దీపం ఉంచమంటారు, ఆ సలహా సరైనదే. అదే దీపం పురుగుల్ని పిలుస్తుంది, పురుగులు సాలీళ్లని పిలుస్తాయి. మధ్యేమార్గం ఏమిటంటే తెల్లటి ఎల్‌ఈడీ బదులు పసుపు లేక కాషాయ రంగు సున్నా బల్బు పెట్టాలి. నీలి కాంతి ఎక్కువున్న తెల్ల దీపానికి పురుగులు ఎక్కువ చేరతాయి, పసుపుకి తక్కువ. దాన్ని కూడా షెడ్డు లోపల కాక మూడు నాలుగు అడుగులు అవతల, కాంతి మాత్రం లోపల పడేలా అమర్చాలి. పురుగులూ సాలీళ్లూ ఆ బల్బు చుట్టూ పోగవుతాయి, అక్కడ ఉంటే ఎవరికీ నష్టం లేదు. వీధి దీపం సరిగ్గా ఎదురుగా ఉంటే ఆ వైపు గోనెపట్టా తెర కట్టుకోవాలి. ఫించ్‌లు, బడ్జీలు మాత్రమే ఉన్న షెడ్డుకి ఎప్పుడూ బెదురు కనబడకపోతే దీపమే అక్కర్లేదు.

జాలీ కళ్లు, రేకు మడతలు, నేల

వెల్డింగ్ షాపులో పక్షుల షెడ్డు అనగానే చూపించేది అంగుళం లేక ముప్పావు అంగుళం కళ్లున్న వెల్డ్ మెష్, అంటే తీగలు అతికిన జాలీ. బడ్జీ బయటికి పోకుండా అది సరిపోతుంది. లోపలికి ఏది రాకూడదు అన్న లెక్క మాత్రం అందులో లేదు. చుంచెలుక దూరడానికి పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు మించిన సందు చాలు. పెన్సిలు పట్టే సందు ఎక్కడున్నా చుంచెలుకకి దారి ఉన్నట్టే. పెద్ద ఎలుకకి అర అంగుళం మించితే చాలు. చిన్న పాములు అర అంగుళం కంట్లోంచి దూరతాయి. ఆరిలోవ, మధురవాడ వైపు కొండ పక్క ఇళ్లలో జరిగేది ఇదే. పాము సన్నగా లోపలికొస్తుంది, ఒక పక్షిని మింగుతుంది, పొట్ట ఉబ్బి అదే కంట్లోంచి బయటికి పోలేక సగంలో ఇరుక్కుంటుంది. తెల్లారి చూసేసరికి షెడ్డులో బెదిరిన పక్షులు, జాలీలో పాము. అది జెర్రిపోతా నాగుపామా అని దగ్గరికెళ్లి తేల్చుకోకుండా పాములు పట్టేవాళ్లని పిలవాలి.

అలాగని మొత్తం పావు అంగుళం జాలీ వేస్తే గాలి తగ్గుతుంది, పక్షులు సరిగ్గా కనబడవు, ఖర్చు పెరుగుతుంది. కొండ పక్క ఇల్లయితే ఇవన్నీ భరించి అదే వెయ్యాలని నా అభిప్రాయం. కాలనీ మధ్యలో ఉన్న ఇంటికి ఇంకో దారి ఉంది. కింది రెండడుగులు నున్నటి జీఐ (జింకు పూత పూసిన ఇనుము) రేకు, పైన 18 గేజ్ మందం తీగతో అర అంగుళం జాలీ. చుంచెలుక అడుగుకి మించి ఎగరలేదు, నున్నటి రేకు ఎక్కలేదు. ఇక్కడ వెల్డర్లు చేసే పొరపాటు ఒకటుంది. యాంగిల్ ఇనుము బయటికి ఉంచి రేకుని లోపలి వైపు బిగిస్తారు. ఎలుక ఆ యాంగిల్ మూల పట్టుకుని నిచ్చెనలా ఎక్కేస్తుంది. రేకు యాంగిల్ మీదుగా బయటికి తిరగాలి, మూలలు కూడా కప్పాలి. షెడ్డుకి ఆనించి మొక్కల కుండీలు, పాత సామాను పెట్టకూడదు. పెడితే రేకు వేసి ప్రయోజనం లేదు.

పందికొక్కు ఎక్కదు, తవ్వుతుంది. మట్టి నేల మీద కట్టిన షెడ్డులో ఏదో ఒక రాత్రి మధ్యలోంచి పైకి తేలుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు నేల వేసి, నీళ్లు పోయేలా ఒక వైపు వాలు ఇస్తే ఆ గొడవ ఉండదు. కాంక్రీటు ఇష్టం లేనివాళ్లు చుట్టూ అడుగున్నర లోతు గాడి తీసి, జాలీని అందులో దించి, అడుగున బయటి వైపుకి అడుగు మేర వంచి పూడుస్తారు. తవ్వుతూ వచ్చిన జంతువు ఆ వంపు దగ్గర ఆగిపోతుంది. కాకపోతే సముద్రం దగ్గరి ఉప్పు ఇసుకలో జీఐ జాలీని తుప్పు కొన్నేళ్లకే తినేస్తుంది. పెదవాల్తేరు నుంచి రుషికొండ దాకా తీరం వెంట ఉన్నవాళ్లు గాడిలో జాలీ బదులు ఇటుక కట్టు కట్టుకోవడం మేలు.

తీరం వెంట అసలు సమస్య తుప్పే. వెల్డ్ మెష్ ముందు తుప్పు పట్టేది అతుకుల దగ్గర. బయటికి చూస్తే జాలీ బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే కడ్డీ ఊడొస్తుంది. నెలకోసారి కింది వరస, తలుపు అంచు, నీళ్లు కారే చోటు నొక్కి చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ధర చూసి వెనక్కి తగ్గుతారు గానీ చిన్న షెడ్డుకి అది ఒక్కసారి పెట్టే ఖర్చు. కొత్త జీఐ జాలీ అయితే పూతలోని జింకు పొక్కుల్ని పక్షులు కొరికి తింటే విషమవుతుంది. వెనిగర్‌లో ముంచిన గట్టి బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి, కొన్ని వారాలు ఎండకీ వానకీ వదిలాకే పక్షుల్ని వదలాలి.

పైకప్పు ఎవరూ చూడని చోటు. రేకు మడతల చివర అరచెయ్యి పట్టే ఖాళీలు ఉంటాయి. ఎలుక గూడు, బల్లి గుడ్లు, సాలీడు సంచులు, ఉడుత పీచు అన్నీ అక్కడే. జాలీ ఎంత బాగా వేసినా అవి తెరిచి ఉంటే షెడ్డు తెరిచి ఉన్నట్టే. మడతకి సరిపడే ఫోమ్ ముక్కలు పెట్టి బయటి నుంచి సిమెంటు పూస్తే సరి. కప్పు మాత్రం రేకే ఉండాలి, జాలీ కాదు. కాకులు, పావురాలు పైన వాలి వేసే రెట్టలు లోపల పడితే కొక్కెర తెగులు (రానీఖేత్) వంటివి దిగడానికి అదే దారి. ఎలుకల మందు కేకులు షెడ్డు దరిదాపుల్లో వద్దు. ఎలుక ఆ ముక్కని ఎత్తుకెళ్లి ఎక్కడ పడేస్తుందో చెప్పలేం. జిగురు అట్టలు అంతకన్నా ప్రమాదం, ఫించ్ దానిమీద వాలితే ఈకలతో సహా పోతుంది. ఇనుప బోను, అందులో ఎండు చేప లేక కాల్చిన కొబ్బరి ముక్క. మొదటి రెండు రాత్రులు బోను బిగించకుండా తిననివ్వాలి. ఎలుక కొత్త వస్తువుని అనుమానిస్తుంది. అలవాటయ్యాక మూడో రాత్రి బిగించాలి.

సాలీడు మాత్రం ఏ జాలీకీ ఆగదు. గుడ్డు సంచిలోంచి వచ్చిన పిల్లలు దారం వదిలి గాలిలో తేలుతూ వచ్చి వాలతాయి, దోమతెరలోంచి కూడా దూరతాయి. వాటిని పూర్తిగా రాకుండా చేసే కట్టడం లేదు. అందుకే షెడ్డు బయట, చూరు కింద ఉన్న సాలీళ్లని నేనైతే ముట్టుకోవద్దనే అంటాను. లోపలికి రావాల్సిన దోమల్లో కొన్ని వాటి వలల్లోనే ఆగిపోతాయి.

చీమలు, దోమలు

చీమల్ని చిన్నచూపు చూస్తారు గానీ కుండలో కళ్లు తెరవని పిల్లల్ని ఒక్క రాత్రిలో చంపేది ఎర్ర చీమలే. పగిలిన గుడ్డో, చచ్చిన పిల్లో కుండలో ఉండిపోతే వాసనకి బారుగా వస్తాయి. కాబట్టి పొదిగే కుండల్ని రెండు రోజులకోసారి చూడాలి. స్టాండు మీద ఉన్న కేజ్ అయితే కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతారు, అది మంచిదే. అయితే ఆ నీళ్లు వారం కదపకపోతే అందులోనే దోమ పిల్లలు పెరుగుతాయి. రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, వారానికోసారి మార్చాలి. కాళ్లకి గ్రీజు పూస్తే పక్షి అందుకోలేని బయటి వైపు, కింది భాగంలో మాత్రమే పూయాలి. గ్రీజు అంటిన ఈకల్ని పక్షి ముక్కుతో దువ్వుకుంటుంది, అది కడుపులోకి పోతుంది.

నేల మీద కట్టిన షెడ్డుకి ఈ ఉపాయం కుదరదు. అప్పుడు షెడ్డుని కాక గిన్నెని కాపాడుకోవాలి. గిన్నె వేలాడే తీగకి మధ్యలో పెద్ద సీసా మూత గుచ్చి, రంధ్రం చుట్టూ ఎం-సీల్ ముద్ద పెట్టి, మూతలో మంచినీళ్లు పొయ్యాలి. పైనుంచి వచ్చే చీమ ఆ నీళ్ల దగ్గర ఆగిపోతుంది. రోజూ నీళ్లు మారిస్తే చాలు. మామిడి కొమ్మ, కరెంటు తీగ, బట్టలారేసే తాడు, ఏది షెడ్డుకి తగులుతున్నా అది చీమలకి వంతెన. ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్ర చీమలున్న చెట్టయితే అడుగు దూరంలో కొమ్మలు కొట్టెయ్యాలి. చీమల చాక్‌పీసు మాత్రం జాలీ దగ్గర గియ్యకూడదు. అందులో ఉండేది కూడా పైరెత్రాయిడ్ మందే. బడ్జీ సుద్దముక్క అనుకుని కొరుకుతుంది.

దోమలు కుట్టడం వల్ల పక్షులకి అమ్మోరు వంటి పాక్స్ వస్తుంది. కళ్ల చుట్టూ, కాళ్ల మీద పొక్కులు లేస్తాయి. కేనరీలకి మరీ కష్టం. దోమతెర వేస్తే ఆగుతుంది గానీ పగలు ఏప్రిల్, మే నెలల ఉక్కలో తెర వెనక పక్షులు రెక్కలు దూరం పెట్టి నోరు తెరిచి రొప్పుతాయి. శాశ్వతంగా బిగించే తెర మన ఊరికి తగదు. చాపలా చుట్టి పైన కట్టుకునే తెర కుట్టించుకుని, చీకటి పడే ముందు దించి పొద్దున్నే ఎత్తేస్తే రెండూ జరుగుతాయి. రాత్రిపూట కుట్టే దోమలే ఇందులో ఎక్కువ చెడ్డవి. తెరకీ జాలీకీ మధ్య రెండంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే కాక్‌టీల్స్ రంధ్రాలు చేసేస్తాయి. దోమల కోసం మందు పొగ వదిలే ఫాగింగ్ బండి వీధిలోకి వస్తున్న చప్పుడు వినగానే గాలి వచ్చే వైపు టార్పాలిన్ దించి, గిన్నెలు లోపలికి తెచ్చెయ్యాలి. పొగ పూర్తిగా పోయాకే మళ్లీ ఎత్తాలి.

మందు తప్పని చోటు

ఒక్క శత్రువు విషయంలో శుభ్రత, జాలీ చాలవు. నెత్తురు పీల్చే ఎర్ర మైట్లు. నల్లి మాదిరిగానే పగలు సందుల్లో దాక్కుని రాత్రి పక్షి మీదికి ఎక్కుతాయి. ఆకలితో ఉన్నప్పుడు బూడిదరంగు, తాగాక ఎరుపు. మన వేడిలో వారం పది రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. పక్షులు రాత్రిళ్లు కుదురుగా నిద్రపోకపోవడం, పొదిగే తల్లి కుండ వదిలేయడం, పిల్లలు పాలిపోయి చనిపోవడం గుర్తులు. అనుమానముంటే రాత్రి తొమ్మిది దాటాక టార్చి వేసి, పక్షులు కూర్చునే కర్ర చివర్లు జాలీకి ఆనే చోటు చూడాలి. లేదా కర్ర చివర తెల్లగుడ్డ చుట్టి వదిలి, పొద్దున్నే విప్పి చూడాలి. చుక్కల్ని గోటితో నొక్కితే ఎర్రటి గీత పడుతుంది.

అప్పుడు పక్షుల్ని ఇంట్లో శుభ్రమైన కేజ్‌లోకి మార్చాలి. వాటి ఒంటి మీద వాడే ఐవర్‌మెక్టిన్ చుక్కలు పశువైద్యుడు బరువు చూసి చెప్పినంతే వెయ్యాలి. పశువులకిచ్చే మందు తెచ్చి అంచనాగా వేస్తే ఫించ్‌లు నిలవవు. పాత కర్రలు, గూటి పీచు మూటకట్టి తగలబెట్టెయ్యాలి. మట్టి కుండలకి మరిగే నీళ్లు పోసి ఎండబెట్టాలి. చెక్కపెట్టెల కన్నా మట్టి కుండ మేలనడానికి ఇదొక కారణం, దాంట్లో సందులుండవు, మరిగే నీళ్లకి పాడవదు. ఇనుప అతుకుల్లో కూడా మరిగే నీళ్లే పొయ్యాలి. గ్యాస్ మంటతో కాల్చేవాళ్లున్నారు, జీఐ జాలీ కాలితే వచ్చే జింకు పొగ మనిషికి కూడా మంచిది కాదు. ఆ తర్వాత ఖాళీ షెడ్డులో డెల్టామెత్రిన్ మందుని లేబుల్ మీద రాసిన పాళ్లలో కలిపి అతుకులు, సందులు, రేకు మడతల్లోకి కొట్టాలి. గుడ్లు దీనికి చావవు కాబట్టి ఏడో రోజు మళ్లీ కొట్టాలి. రెండోసారి కొట్టి ఒక రోజంతా ఆరాక, పక్షి ముక్కు, కాళ్లు తగిలే చోట్లు కడిగి, కొత్త వేపకొమ్మల్ని జాలీకి ఆనకుండా తీగ కొక్కేలతో వేలాడదీసి పక్షుల్ని వదలాలి. మొదటి వారం రోజూ రాత్రి టార్చి వేసి ఆ కొక్కేలు చూడాలి. ఒక్క ఎర్ర చుక్క కనబడినా మళ్లీ మరిగే నీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.